మా బావ ఏడేళ్ల సర్వీసు

యాభై ఎనిమిదేళ్లు నిండిన వారంలోనే మా బావ నాకు ఫోన్ చేశాడు. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు పాల చిల్లింగ్ సెంటరులో మిషన్ ఆపరేటరుగా ఆయనకు అదే చివరి నెల. తడి నేల మీద రోజంతా నిలబడే పని. మోకాళ్లు అరిగిపోయాయి.

"బామ్మర్దీ, నాకు పెన్షన్ ఎప్పట్నుంచి వస్తాదో రోంత కనుక్కోప్పా. పదేండ్లు దాటితే ఇస్తారంట గదా. నాకు పదైదు దాటిపాయె" అన్నాడు.

కనుక్కుంటానన్నాను. ఫోన్ పెట్టేశాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆ పదిహేనేళ్లలో మొదటి ఏడేళ్లు లెక్కలోకి రావేమోనని నాకు అప్పటికే అనుమానం ఉంది. ఎందుకంటే, రాకుండా పోయేలా ఫారం నింపింది నేనే.

బావ మా అక్క భర్త. వాళ్లది రుద్రవరం దగ్గర పల్లె. ఉన్న రెండెకరాలు ఎప్పుడు పండుతాయో ఎప్పుడు ఎండుతాయో తెలియని కాలంలో నంద్యాల వచ్చి, ఒక విత్తనాల ప్లాంటులో చేరాడు. వరి విత్తనాలు, పత్తి విత్తనాలు జల్లెడ పట్టి, రకాలు వేరు చేసి సంచుల్లోకి ఎత్తే మిషను మీద పని. నెలజీతంలో పీఎఫ్ కోత పడిన మొదటి ఉద్యోగం ఆయనకు అదే. అప్పటికి నలభై దాటాయి.

అంతకు ముందు ఆయన చేసిన పనులన్నీ సాయంత్రానికి కూలి చేతిలో పడే పనులు. జీతంలో కొంత కోసుకుంటారని తెలిసిన మొదటి నెల మా ఇంటికొచ్చి గొడవపడ్డాడు. కంపెనీ కూడా మన పేరున అంతే కడుతుందని, అందులో కొంత పెన్షన్ కిందికి పోతుందని నేను చెప్పాను.

"ఆళ్లెందుకు కడ్తారప్పా నాకు?" అన్నాడు నమ్మకుండా.

"చట్టం బావా. కట్టక తప్పదు."

"అయితే ఆ దుడ్లు నావా, ఆళ్లవా?"

"నీవే."

ఆ జవాబు సగమే నిజం. పీఎఫ్ ఖాతాలో కంపెనీ వేసే వాటా మొదటి నెల నుంచే ఉద్యోగిది. మానేసినా, మారినా అది ఆయన వెంటే వస్తుంది. పెన్షన్ కిందికి పోయే వాటా అట్లా కాదు. సర్వీసు పదేళ్లు నిండితేనే అది నెలనెలా వచ్చే పెన్షన్ అవుతుంది. నిండకపోతే చిన్న మొత్తం ఒకేసారి చేతికిచ్చి పంపేస్తారు. రెండు ఉద్యోగాల సర్వీసు కలుపుకోవచ్చు. అయితే మొదటి ఉద్యోగం మానేసినప్పుడు ఆ చిన్న మొత్తం తీసుకుని ఉండకూడదు. తీసుకుంటే ఆ ఏళ్లు చెరిగిపోయినట్టే.

ఇంత సంగతి ప్లాంటులో ఎవరికీ తెలియదు. వాళ్లకు తెలిసిన లెక్క ఒక్కటే, ఐదేళ్లు. ఐదేళ్లు నిండితే, మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ వస్తుంది. ఊడ్చే ఆవిడ దగ్గర నుంచి సూపర్‌వైజరు దాకా అందరికీ ఎవరికి ఎన్ని నెలలు తక్కువో తెలుసు. నాలుగో ఏడు దాటిన మనిషిని మేనేజరు ఏమన్నా అన్నాడంటే, పక్కవాళ్లు "గమ్మునుండప్పా, ఐదు నిండనీ, ఆ మాటకు ఆ మాట అందువు" అని ఆపేవాళ్లు. బావ కూడా అట్లాగే ఆగాడు. నాలుగో ఏట ఆళ్లగడ్డలో పాల సెంటరు వాళ్లు మొదటిసారి పిలిచారు. ఇంటికి దగ్గర, జీతం కొంచెం ఎక్కువ. పోలేదు. ఐదేళ్లు నిండాలన్నాడు. నిండాక కూతురి ఇంటర్ అయ్యేదాకా ఇంకో రెండేళ్లు ఉన్నాడు. ఏ అడుగూ తొందరపడి వేసే మనిషి కాదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ బాధ.

ఏడేళ్లయ్యాక మానేశాడు. మా వైపు ఉద్యోగం మానేసిన మనిషి పాత కంపెనీలో పైసా మిగలకుండా తీసుకుని పోవడం ఒక పద్ధతి. సెటిల్మెంట్ అంటారు. రావలసింది ఇంకా అక్కడ ఉందంటే మనిషి పూర్తిగా మానేసినట్టు కాదు. "ఇంగా ఆళ్ల కాడ ఏం పెట్టుకున్నావు?" అని ఇంట్లో ఆడవాళ్లే అడుగుతారు. బస్టాండు పక్క జిరాక్స్ షాపులో రెండు ఫారాలు కలిపి పిన్ను కొట్టి అమ్మేవాడు. ఒకటి పీఎఫ్‌కు, ఒకటి పెన్షన్ వాటాకు. విడిగా అడిగినవాళ్లను నేను చూడలేదు.

బావ ఆ పిన్ను కొట్టిన ఫారాలు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. పాల సెంటరులో మొదటి మూడు నెలలు రోజుకూలి కింద పెట్టుకున్నారు. పీఎఫ్ ఇంకా మొదలు కాలేదు. ఆ సందులోనే పాతది తీసేసుకోవాలని ఆయన ఆలోచన. జిరాక్స్ షాపువాడే నింపి ఇచ్చేవాడు గానీ, ఇంట్లో పేపరాయన ఉండగా వాడి చేత ఎందుకు రాయించాలి?

అప్పుడు నేను నంద్యాలలో ఒక దినపత్రిక విలేకరిని. ఆ ఫారం నా ముందుకు రావడానికి రెండు మూడు వారాల ముందు, పీఎఫ్ అధికారి ఒకాయన పట్టణంలో అవగాహన సదస్సు పెట్టాడు. మిల్లుల యజమానులు, ప్లాంట్ల మేనేజర్లు వచ్చారు. కార్మికుల వాటా కోసుకుని కట్టని వాళ్లమీద కేసులు పెడతామని ఆయన గట్టిగా హెచ్చరించాడు. అందరూ టీ కోసం లేస్తుండగా, చివర్లో ఒక మాట అన్నాడు. ఉద్యోగం మారేవాళ్లు పెన్షన్ డబ్బు తీసేసుకోవద్దు, దాని బదులు అదే ఫారంలో స్కీమ్ సర్టిఫికెట్ అడగండి, సర్వీసు నిలిచి ఉంటుంది, పదేళ్లు కలిసొస్తాయి అన్నాడు.

నేను రాసుకున్నాను. వార్తలో వేశాను కూడా. కేసుల హెచ్చరిక పైన, సర్టిఫికెట్ మాట చివరి పేరాలో. పేజీలో చోటు చాలనప్పుడు ఆఫీసులో పేజీ పెట్టే డెస్కువాళ్లు వార్తను కింది నుంచి కోస్తారు. ఆ సంగతి తెలిసే మేము ముఖ్యమైనది పైన, పోయినా ఫరవాలేదనుకున్నది కింద రాస్తాం. ఆ రోజు ఏదో ప్రకటన వచ్చింది. చివరి పేరా పోయింది. పొద్దున పేపరు చూసి నేనేమీ అనుకోలేదు. డెస్కువాళ్ల తప్పు కూడా కాదు. పోతే పోనీ అని నేను ముందే నిర్ణయించి కింద పెట్టిన పేరా అది. ఇన్నేళ్ల అలవాటులో కింద పెట్టింది నా తలలోంచి కూడా సగం పోయేది.

బావ వచ్చిన సాయంత్రం నేను తొందరలో ఉన్నాను. మహానందిలో శివరాత్రి ఏర్పాట్ల మీద అధికారుల సమావేశం జరిగింది. ఆ వార్త ఆరింటిలోపు పంపాలి. ఒక పక్క అది రాస్తూ, ఇంకో పక్క ఆయన ఫారం నింపుతున్నాను. తండ్రి పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, బ్యాంకు నంబరు. రెండో ఫారంలో ఒక చోట ఆగాను. డబ్బు కావాలా, స్కీమ్ సర్టిఫికెట్ కావాలా అని రెండు గళ్లు ఉన్నాయి.

"ఏందీ, ఆగితివి?" అన్నాడు.

"ఇక్కడ డబ్బు బదులు సర్టిఫికెట్ తీసుకోవచ్చు బావా."

"సర్టిఫికెట్టా? ఇస్కూల్లో ఇచ్చినట్టా?" నవ్వాడు. "దాన్ని ఏం చేసుకోవాల?"

"దాచుకోవాలి. పెన్షన్‌కు పనికొస్తుందంట."

"ఎప్పుడు?"

"ముసలోడివైనాక."

"యాబై ఎనిమిదికా? అప్పటికి ఎవుడుంటాడో ఎవుడు పోతాడో." కొంచెంసేపు ఆ గళ్ల వైపు చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "నువ్వేమంటావ్?" అని అడిగాడు.

సదస్సులో విన్నది నాకు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పుకోవడానికి లేదు. వివరంగా చెప్పాలంటే పది నిమిషాలు పడుతుంది. పదేళ్లంటే ఏమిటి, ఏడుకు ఎంత కలవాలి, కొత్తచోట ఎన్నేళ్లుంటాడు, అన్నీ మాట్లాడాలి. అక్కడ ఫోన్ మోగుతోంది, డెస్కు నుంచి.

"అందరూ తీసుకుంటున్నారు కదా బావా, తీసుకో" అన్నాను.

టిక్కు పెట్టాను. ఆయన సంతకం పెట్టాడు, అక్షరం అక్షరం విడదీసి. నెలన్నరకు పీఎఫ్ డబ్బు పడింది. దాని వెనకే, దాని పక్కన పెడితే చిన్నదైన పెన్షన్ వాటా కూడా పడింది. అది కూతురి నర్సింగు కాలేజీ ఫీజులో ఒక విడతకు సరిపోయింది. అక్క ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. ఫారం బాగా నింపినావంట అబ్బీ, ఒక్క తప్పు లేకుండా ఒకేసారి పాసైందంట అంది.

తరువాత ఎనిమిదేళ్లు ఆయన పాల సెంటరులోనే ఉన్నాడు. ఈ ఎనిమిదేళ్లలో నేను ఆ టిక్కు గురించి ఎన్నిసార్లు తలచుకున్నానంటే, నిజం చెప్పాలంటే, రెండు మూడుసార్లు. తలచుకున్నప్పుడల్లా, ఇక్కడే పదేళ్లు నిండుతాయిలే అని సర్దిచెప్పుకున్నాను. ఆయన వయసు వేసి చూసుకోలేదు. యాభై ఎనిమిది దాటాక పెన్షన్ కిందికి కట్టడం ఆగిపోతుంది. ఆరు నెలలు నిండితే ఏడాదిగా లెక్కేస్తారు గనుక పదేళ్లకు తొమ్మిదిన్నర అయినా ఉండాలి. ఆయనకు ఎనిమిదేళ్ల నాలుగు నెలల దగ్గరే యాభై ఎనిమిది వచ్చేసింది.

నంద్యాలలో నెలకోసారి పీఎఫ్ వాళ్లు శిబిరం పెడతారు. బావను అక్కడికి రమ్మన్నాను. ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, పాస్‌బుక్కు, రెండు కంపెనీల గుర్తింపు కార్డులు. పాత విత్తనాల ప్లాంటు కార్డు మీద ఫొటో వెలిసిపోయింది. దాన్నీ తెచ్చాడు, సాక్ష్యానికి.

వరసలో నిలబడి ఉండగా లెక్కలు చెబుతున్నాడు. పెద్ద పెన్షన్ రాదని ఆయనకూ తెలుసు. గ్యాసు బండకు, ఇద్దరి మందులకు సరిపోతే చాలన్నాడు.

"నేను పోతే మీ అక్కకు సగం వస్తాదంట. అది ముఖ్యం నాకు. కూతురింటికాడ పోయి కూచుండే మనిషి కాదు మీ అక్క."

"సర్కారు పింఛను కూడా ఉంటుంది కదా బావా" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"అది ఆళ్లిచ్చేది. ఇయ్యొచ్చు, నిలపొచ్చు. ఇది నేను నిలబడి చేసింది."

బల్ల వెనక కూర్చున్న అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. నంబరు కొట్టి తెర చూశాడు. రెండోసారి చూశాడు.

"పెద్దాయనా, మీకు ఎనిమిదేళ్లే చూపిస్తోంది."

"ఏడేండ్లు ఆడ, ఎనిమిదేండ్లు ఈడ. ఇదో కార్డు" అని బావ వెలిసిన కార్డు ముందుకు తోశాడు.

"ఆ ఏడేళ్లకు డబ్బు తీసుకున్నారు కదా. తీసుకుంటే ఆ సర్వీసు పోయినట్టే."

"తీసుకున్న దుడ్లు తిరిగి కడ్తా. వడ్డీతో కడ్తా. ఆ ఏడేండ్లు మళ్లా ఏయండి."

"అట్లా వీలు కాదండీ."

"అయితే ఇంగో ఏడాదిన్నర పని చేస్తా. అదైనా కలపండి."

"యాభై ఎనిమిది దాటాక పెన్షన్‌కు కట్టరండీ. ఉన్న ఎనిమిదేళ్లకు ఒకేసారి ఎంతొస్తుందో తీసుకోండి." ఆయన గొంతు తగ్గించి, "ఆ రోజు సర్టిఫికెట్ పెట్టుకోవాల్సింది. ఎవరు నింపారో గానీ" అన్నాడు.

నేను బావ పక్కనే నిలబడి ఉన్నాను. నేనే నింపానని అక్కడే అనవచ్చు. అనలేదు. వెనక నిలబడ్డ మనిషి ముందుకు జరిగాడు. మేం బయటికి వచ్చాం.

బయట టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. బావ కార్డులన్నీ ఒక్కొక్కటే కవరులో సర్దుకున్నాడు. టీ తాగలేదు.

"నాదే తప్పులేప్పా. దుడ్లు చూసి ఆశపడితి. సదువు లేనోడు అంతకంటే ఏం జేస్తాడు" అన్నాడు.

ఆ మాటను ఆయన మీదే ఉండనిస్తే, అది జీవితాంతం అక్కడే ఉండిపోతుందని నాకు తెలుసు.

"నీ తప్పు కాదు బావా. ఆ రోజు నువ్వు నన్ను అడిగినావు. నువ్వేమంటావ్ అని. సర్టిఫికెట్ తీసుకోవాలని నాకు తెలుసు. అంతకు కొద్దిరోజుల ముందే ఆ సదస్సుకు పోయి విన్నాను, పేపరుకు రాశాను. నీకు మాత్రం తీసుకో అన్నాను."

ఆయన నా వైపు తిరిగాడు. "తెల్సునా నీకు?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పకపోతివి?"

"వార్త పంపే తొందరలో ఉన్నాను."

దేని వార్త అని ఆయన అడగలేదు. అడగాలనే నేను ఎదురుచూశాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. నేనే మళ్లీ అన్నాను.

"చెప్పినా నువ్వు వినేవాడివో లేదో. ఫీజు కట్టాల్సిన రోజులవి."

"వినుంటా" అన్నాడు బావ. "నీ మాట ఎప్పుడన్నా కాదంటినా?"

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. లేచి, మీ అక్కకు నువ్వే చెప్పు, నాకు చెప్పడం రాదు అని బస్టాండు వైపు నడిచాడు. మోకాలు పట్టేసినట్టుంది, రోడ్డు దాటేముందు ఆగి తొడ మీద చెయ్యి ఆనించుకున్నాడు. నేను వెనకే పోయి అదే బస్సెక్కాను.  సిరివెళ్ల దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూ మిరప చేలకు తెగులు తగిలిందని చెప్పాడు.

ఇంటికి పోయి నేను చెబితే అక్క అంతా విన్నది. వింటున్నంతసేపూ చేటలో కందిపప్పు చెరుగుతూనే ఉంది. అయిపోయాక చేట కింద పెట్టింది.

"ఊరందరి తప్పులూ పేపర్లో ఏస్తివి గదరా. తహసీల్దారు తప్పు, డాక్టరు తప్పు, ఇంజనీరు తప్పు. ఈ తప్పు ఏ పేజీలో ఏస్తావు?"

"అక్కా..."

"మీ బావ నాకు చెప్పినాడు ఫారం నింపిన పొద్దే. ఏదో కాయితం తీసుకోవచ్చంట, నీ తమ్ముడు వద్దన్నాడు, ఆయప్పకు తెలీదా అని. నేనే సరే అంటి." లేచి లోపలికి పోయింది. లోపల నుంచే, "అన్నం తిని పో" అంది.

తిన్నాను. ఎప్పుడూ కొసరి కొసరి వడ్డించే మనిషి, ఆ రోజు గిన్నె నా ముందు పెట్టి పక్క గదిలోకి వెళ్లింది.

ఆ తరువాత నేను చేయగలిగినవి చేశాను. పై అధికారికి అర్జీ రాశాను. నిబంధన అదే అని జవాబు వచ్చింది. తెలిసిన లాయరును అడిగాను. ఆయన ఫారం నకలు చూసి, సంతకం మీ బావదే కదా అన్నాడు. ఎవరో మోసం చేసి ఉంటే ఏదైనా దారి దొరికేదేమో. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. కంపెనీ కట్టాల్సింది కట్టింది. ఆఫీసు ఇవ్వాల్సింది ఇచ్చింది. నేను నింపిన ఫారంలో, అక్క అన్నట్టు, ఒక్క తప్పు లేదు.

ఎనిమిదేళ్లకు వచ్చే చివరి మొత్తం కోసం ఇప్పుడు ఫోన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. బావ నన్ను పిలవలేదు. నర్సు ఉద్యోగం చేస్తున్న కూతురు సెలవుకు వచ్చినప్పుడు చేసి పెట్టిందట. ఆ సంగతి నాకు వాళ్లు చెప్పలేదు. మా ఆవిడకు ఫోన్‌లో తెలిసింది.

ఆరు నెలలు ఇంటిపట్టున ఉన్నాక ఆయన ఆళ్లగడ్డ శివారులో ఒక పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర పనికి కుదిరాడు. లారీ వస్తే గేటు తీయాలి, పోయాక మూయాలి. పగటి డ్యూటీ. ఈ వయసులో ఇక పెన్షన్ వాటా అంటూ కట్టేది ఏమీ లేదు. నేను కూడా పత్రిక వదిలేశాను. యాభై దాటితే కొంత తగ్గించి ముందే ఇస్తారు గనుక నాకు నెలనెలా పెన్షన్ వస్తుంది. ఒకే పత్రికలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మారితే ఏమవుతుందో నాకు తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మొన్న ఎండలు మొదలయ్యే ముందు ఒకరోజు ఆళ్లగడ్డ పోయాను. మిల్లు దగ్గర దిగాను. బావ గేటు పక్కన నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ నాకు జరిపి, తాను పత్తి కూరిన గోనె బోరం మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే పలకరించాడు. మా ఆవిడ బీపీ గురించి అడిగాడు. చాలా రోజులుగా మనసులో పెట్టుకున్న మాట నేను చెప్పాను. నీకు రావలసిన పెన్షన్ ఎంతో లెక్క వేయించాను, నెలనెలా అంత నేను నీ ఖాతాలో వేస్తాను, నేను పోయినా మా వాళ్లు అక్కకు వేసేలా రాసి పెడతాను అన్నాను.

పూర్తిగా విన్నాడు. విన్నాక తల అడ్డంగా ఊపాడు.

"వద్దప్పా."

"నా తప్పుకు నేను కట్టుకోవద్దా బావా?"

"నువ్విస్తే అది నీ దుడ్లు. మూడో నెల మీ ఆడోళ్లు ఒక మాటంటే మీ అక్క నిద్రపోదు. నేను నీకు నమస్కారం పెట్టుకుంటా బతకాల." మిల్లు లోపలి వైపు చూపించాడు, ఏదో అక్కడ ఉన్నట్టు. "ఆ పెన్షన్ వచ్చింటే ఎవునికీ మొక్కే పని ల్యాకపోయె. అది నాదయ్యుండేది."

నేను ఇంకేదో అనబోయాను. రోడ్డు మీద పత్తి లోడు లారీ హారన్ కొట్టింది. బావ బోరం మీద చేతులు ఆనించి, రెండు విడతలుగా లేచి గేటు దగ్గరికి పోయాడు. లారీ లోపలికి వచ్చేదాకా గేటు రెక్కను వీపుతో ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. నేను సాయం పట్టబోతే, "నువ్వు కూచో, దుమ్ము పడ్తాది" అన్నాడు.